శాలువా కప్పితే కిన్నెర మోగుతుందా?

"అంతరించిపోతున్న కళ" అనే మాట చెవిన పడితే చాలు, నాకు ఒళ్లు మండుతుంది. అదేదో వానలు లేక ఎండిపోయే కుంట అయినట్టు, అందులో ఎవరి తప్పూ లేనట్టు, దానంతటది పోతున్నట్టు! ఇంటికొచ్చిన చుట్టాన్ని కూచోమని కూడా అనకుండా వాకిట్లోనే నిలబెట్టి, అతను వెళ్లిపోయాక "పాపం, ఈమధ్య మనవాళ్ల రాకపోకలే తగ్గిపోయాయండీ" అని నిట్టూర్చేవాళ్లను ఏమంటారు? కిన్నెర గురించి సభల్లో కళ్లొత్తుకునేవాళ్లను చూస్తే నాకు ఆ చుట్టమే గుర్తొస్తాడు.

మా పెద్దపల్లి, రామగుండం, గోదావరిఖని వైపు ఉత్సవాలకు కొదవ లేదు. బొగ్గుబాయిల ఊళ్లు కదా, పది జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ జనం. ఎవరి పండగ వాళ్లకుంది, అందరి పండగలూ అందరికీ ఉన్నాయి. ఏ ఉత్సవమైనా వరస మాత్రం ఒకటే. దీపం వెలిగించడం, అతిథుల ప్రసంగాలు, పిల్లల సినిమా డాన్సులు, నడుమ పది నిమిషాలు "జానపద కళారూపం". ఆ పది నిమిషాల్లో కిన్నెర పట్టుకుని ఒక పెద్దాయన వేదిక ఎక్కుతాడు. మైకు ఎక్కడ పెట్టాలో అక్కడ ఒక్కరికీ తెలియదు. నోటి దగ్గర పెడితే తీగె వినపడదు, బుర్ర దగ్గర పెడితే మాట వినపడదు. ఆయన ఇంకా తీగె సవరించుకుంటూ ఉండగానే యాంకరమ్మ చప్పట్లు కొట్టమంటుంది. శాలువా, మెమెంటో, ఫొటో. ఒకసారి నా పక్కన కూచున్నావిడ "ఆ నెమలీకలు ఎంత ముద్దుగా ఉన్నాయో కదండీ" అన్నది. నిజమే, ముద్దుగానే ఉన్నాయి. వినడానికి వ్యవధి ఇవ్వకపోతే మనిషి చూడక ఏం చేస్తుంది?

చూడనివాళ్ల కోసం చెబుతాను. ఒక పొడుగాటి వెదురు బొంగు. దానికింద ఎండబెట్టి తొలిచిన బుర్రలు. సొరకాయ అనండి, మా వైపు ఆనిగెపుకాయ అంటాం. బొంగు మీద వరసగా మెట్లు, వాటిని తేనెమైనంతో అతికిస్తారు. మైనం కాబట్టి స్వరం తప్పిందనుకుంటే వాయించేవాడే వేలితో మెట్టును జరుపుకోవచ్చు. ఇంత తెలివైన ఏర్పాటు చేసుకున్నవాణ్ణి మనం "చదువురాని కళాకారుడు" అంటాం! ఒకప్పుడు గుర్రపు వెంట్రుకలతో, నరాలతో తీగెలు కట్టేవారట, ఇప్పుడు ఉక్కు తీగెలు. అద్దాలు, పూసలు, నెమలీకలు అలంకారానికి. చేసేవాడూ వాయించేవాడూ ఒకడే. కాయ కాయించుకోవడం దగ్గర నుంచి కథ చెప్పడం దాకా అంతా ఒక్క మనిషి పని.

నాగర్‌కర్నూలు జిల్లా అవుసలికుంట మనిషి దర్శనం మొగిలయ్య పేరు వినని తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువ. పన్నెండు మెట్ల కిన్నెర ఆయన చేతిలో ఉంది. పండుగ సాయన్న కథ ఆయన గొంతులో ఉంది. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాటకు ముందు ఆయన గొంతు వినిపించింది. జనం ఊగిపోయారు. 2022లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో అదే మనిషి హైదరాబాదు శివార్లలో కూలిపనికి పోతున్నాడని పత్రికలు రాశాయి. వెంటనే పింఛను మాటలు, ఇంటిస్థలం మాటలు. ఇవ్వాల్సిందే, వద్దనను. కాని ఇంత గొడవలోనూ ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "మా పిల్లవాడికి నేర్పుతావా తాతా?" అని అడిగినట్టు నేను చదవలేదు. పద్మశ్రీ మీద సానుభూతి ఉంది. కిన్నెర మీద కోరిక లేదు. అసలు రోగం ఇక్కడ ఉంది.

ఈ రోగానికి మందు ఉంటుందా అంటే, ఉంటుంది. మరొక దేశంలో, సరిగ్గా ఇలాంటి వాయిద్యానికే పనిచేసింది. అందుకే కాసేపు చైనా దాకా పోదాం, ఓపిక పట్టండి.

అక్కడ అర్‌హూ అని ఒక వాయిద్యం. తెలుగులో రాస్తే 'అర్హుడు'కు తమ్ముడిలా ఉందని నవ్వుకోకండి, నిజంగానే అర్హతల గొడవంతా ఇందులో ఉంది. రెండంటే రెండే తీగెలు. మెట్లు లేవు. కింద చిన్న చెక్క డబ్బా, దానికి కొండచిలువ చర్మం బిగిస్తారు. కమాను వెంట్రుకలు ఆ రెండు తీగెల మధ్యనే ఇరుక్కుని ఉంటాయి, బయటికి తీయడానికి వీల్లేదు. పేరులోని 'హూ' అన్న మాట ఉత్తరాది పరాయి తెగలవాళ్లకు చైనావాళ్లు వాడుకున్నది. అంటే పుట్టుకతోనే దాని మీద 'మనది కాదు' అన్న ముద్ర. నూరేళ్ల కిందట అది టీ దుకాణాల ముందు, వీధి మలుపుల్లో, నాటకాల వెనక వినపడే చప్పుడు. గుడ్డివాళ్ల, బిచ్చగాళ్ల వాయిద్యం. పెద్దింటివాళ్లు దాన్ని ముట్టుకునేవాళ్లు కాదు.

ల్యూ థియెన్‌హ్వా అని ఒకాయన, 1895లో పుట్టాడు. పెకింగ్ విశ్వవిద్యాలయంలో సంగీతం నేర్పడానికి 1922లో చేరాడు. ఆయన చేసిన పని ఏమిటి? "అంతరించిపోతున్న కళ" అని ఉపన్యాసమిచ్చాడా? ఆ వీధి వాయిద్యాన్ని తాను కూచుని వాయించాడు. దాని కోసం పది రచనలు చేశాడు. అంతకన్నా గొప్పగా, నేర్చుకునేవాళ్ల కోసం నలభై ఏడు అభ్యాసాలు రాసిపెట్టాడు. మన సరళీస్వరాలు, జంటస్వరాలు లేవూ, అలాంటివి. వయొలిన్ నేర్చుకుని అందులోని వేళ్ల కిటుకులను అర్‌హూకు తెచ్చాడు. విశ్వవిద్యాలయంలో మాస్టారు వాయిస్తే ఇక బిచ్చగాడి వాయిద్యమని ఎవడంటాడు? 1932లో వీధి డప్పులవాళ్ల తాళాలు సేకరించడానికి బీజింగులోని సంతబజారుకు పోయి జ్వరం అంటించుకుని, ముప్ఫై ఏడేళ్లకే చచ్చిపోయాడు మహానుభావుడు. తన మర్యాద తగ్గుతుందేమోనని గట్టు మీద నిలబడిన మనిషి కాదన్నమాట.

రెండో కథ వూషీ పట్నంలోని ఆబింగ్‌ది. చూపు పోయినవాడు, వీధుల్లో వాయించి బతికాడు. ఊరి వార్తలనే పాటలు కట్టి పాడేవాడు. మన బుర్రకథకుడికీ కిన్నెరవాడికీ మధ్యలో ఎక్కడో కూచోబెట్టొచ్చు. 1950లో యాంగ్ ఇన్‌ల్యూ అనే సంగీత పండితుడు రికార్డింగు యంత్రం మోసుకుని ఆ ఊరు పోయి, ఆయన చేత ఆరు రచనలు వాయింపించుకున్నాడు. మూడు అర్‌హూ మీద, మూడు పీపా అనే మరో తీగెవాయిద్యం మీద. అప్పటికి ఆబింగ్ వాయించడం మానేసి ఉన్నాడనీ, వాయిద్యం కూడా అరువు తెచ్చిందేననీ చెప్పుకుంటారు. ఆ ఏడాది డిసెంబరులో ఆబింగ్ పోయాడు. మిగిలినవి ఆ ఆరే. వాటిలో ఒకదానికి, రెండో ఊట మీది వెన్నెల అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. నేనైతే 'చెలమ మీద వెన్నెల' అంటాను, మా గోదావరి ఇసుకలో చెలమలు తవ్విన చేతులు కదా. ఈనాడు చైనాలో అర్‌హూ నేర్చే ప్రతి పిల్లా ఏదో ఒకరోజు ఆ రచన దగ్గరికి రావలసిందే. ఆరేడు నిమిషాలు విని చూడండి, వీలైతే పొయ్యి మీద పాలు లేనప్పుడు. భాష అక్కర్లేదు. గుడ్డివాడు రాత్రి నీటిలో చందమామను ఎలా చూశాడో మీకే తెలుస్తుంది.

చైనావాళ్లు పుణ్యాత్ములని నేను చెప్పడం లేదు. 1966 నుంచి పదేళ్లపాటు సాంస్కృతిక విప్లవం పేరుతో పాత సంగీతాన్నీ సంగీతకారులనూ వాళ్లు పెట్టిన హింస తక్కువది కాదు. కళాశాలలకెక్కాక అర్‌హూలోని ఊరూరి బాణీ కొంత పలచబడిందని నొచ్చుకునేవాళ్లూ ఉన్నారు. ఒప్పుకుంటాను. కాని పలచబడ్డదాన్ని మళ్లీ చిక్కబరుచుకోవచ్చు. నేర్చేవాళ్లే లేనప్పుడు ఏం చేసుకుంటాం?

ఇక మన దగ్గరికి వద్దాం. సంగీతం తెలిసినవాళ్లను కదిపితే చెప్పే మొదటి మాట, "కిన్నెర శాస్త్రీయం కాదమ్మా". ఒక సంగీతం మాస్టారు నాతో ఇంకా సూటిగానే అన్నాడు: "అది నేర్చుకునేది కాదమ్మా, అడుక్కునేది." ఈ మాట విని ఇంటికొచ్చాక అన్నం సహించలేదు నాకు. శాస్త్రం కావాలా స్వామీ? 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో కిన్నరీ వీణలను వర్ణించాడు, లఘ్వి అనీ బృహతి అనీ భేదాలు కూడా చెప్పాడు. పురాణం కావాలా? పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణం'లో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. కిన్నెర వాయించి శివుణ్ణి మెప్పించిన భక్తుడాయన. శాస్త్రంలో ఉంది, పురాణంలో ఉంది. మరి మన ఇంట్లో ఎందుకు లేదు?

సరే, పరాయి వాయిద్యాన్ని కళ్లకద్దుకోవడం మనకు చేతకాదా అంటే, బ్రహ్మాండంగా చేతనవును. ఫిడేలు ఎవరిది? తెల్లవాళ్లది. బాలుస్వామి దీక్షితులు దాన్ని కర్ణాటక సంగీతానికి మలుచుకున్నాడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే అందులో ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు ఆచార్యులయ్యారు. ఆ తర్వాత ఆ కళాశాలకే అధిపతి అయ్యారు. చూపు అంతంతమాత్రమే ఉన్న ఆ మహానుభావుడి కమాను కింద ఫిడేలు తెలుగువాళ్ల ఇంటిదైపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా పరాయిదంటే మనకే కోపం వస్తుంది. ఒక జీతం, ఒక గది, ఒక గురువు, వరసగా శిష్యులు. సముద్రం దాటి వచ్చిన ఫిడేలుకు దొరికిన ఈ నాలుగూ, మన పెరట్లో కాసిన ఆనిగెపుకాయకు ఎందుకు దొరకలేదు?

ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నలుగురిలో అనం, అంతే. కిన్నెర దక్కలివాళ్ల చేతిలో ఉండిపోయింది. దక్కలివాళ్లు మాదిగ ఇళ్లకు కథ చెప్పేవాళ్లు, వాళ్ల మీదే ఆధారపడ్డ ఆశ్రితులు. భూమి పుట్టకముందే పుట్టాడనే జాంబవుడి కథ, ఆ కులం పుట్టుపూర్వోత్తరాలు, వంశాల వరసలు, అన్నీ వాళ్ల నోట్లో భద్రంగా ఉన్నాయి. ఊరు మాదిగలను దూరం పెట్టింది. మాదిగవాడ మళ్లీ వీళ్లను కాస్త దూరం పెట్టింది. దూరానికి కూడా దూరంగా గుడిసె వేసుకున్న మనిషి ఒళ్లో ఉంది కనక కిన్నెర శాస్త్రీయం కాకుండా పోయింది. వాయిద్యానికి కులం లేదు అని సభలో అనడం సులువే. దాన్ని పట్టుకున్న చేతిని చూసి మనం కాయకు కూడా కులం కట్టాం.

డప్పు సంగతి చూడండి. ఒకప్పుడు చావుకు తప్ప పనికిరాదన్నారు డప్పును. తెలంగాణ ఉద్యమం వచ్చేసరికి అన్ని కులాల పిల్లలూ మెడకు తగిలించుకున్నారు. 2011 సకల జనుల సమ్మెలో బాయిదొరల దగ్గర నుంచి బదిలీ వర్కర్ల దాకా అందరి చెవుల్లో మోగింది అదే కదా! అయితే డప్పు నడుస్తూ నేర్చుకోవచ్చు, ఊరేగింపులో నేర్చుకోవచ్చు. కిన్నెర అట్లా రాదు. కూచోవాలి. ఏళ్ల తరబడి కూచోవాలి. చెప్పేవాడు కావాలి, మెట్టు జరిగితే మళ్లీ అతికించేవాడు కావాలి. ఉద్యమాలు డప్పును ఎత్తుకున్నాయి, కిన్నెరను ఇళ్లే ఎత్తుకోవాలి.

గోదావరి వంతెన దాటి మంచిర్యాల మీదుగా పైకి పోతే ఆదిలాబాదు గోండు గూడేలు. అక్కడ పర్ధాన్లు కీక్రి వాయిస్తారు. మూడు తీగెలది, కమానుతో వాయించేది. చైనావాళ్ల అర్‌హూకు వరసకు చెల్లెలవుతుంది. గోండుల దేవతల కథలు, వంశాల కథలు దాని మీదనే చెబుతారు. మా ఇంటి నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వినొచ్చు. మా కాలనీలో వందమందిని అడిగి చూశాను, దాని పేరు తెలిసినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకాయన అక్కడ మాస్టారుగా పనిచేసి వచ్చినాయన. ఇక చాలు, ఎక్కువ చెబితే నాకే సిగ్గేస్తుంది.

వినేవాడి మాట వచ్చింది కనక చైనాదే ఇంకో కథ. గుచిన్ అని ఏడు తీగెల వాయిద్యం ఒకటుంది. బల్ల మీద పడుకోబెట్టి వాయిస్తారు. ఎంత మెత్తని చప్పుడంటే పక్క గదిలో కూడా సరిగా వినపడదు. సభల కోసం పుట్టింది కాదు, తన కోసమూ, ఎదురుగా కూచున్న ఒక్కడి కోసమూ. 2003లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది. అంతకు చాలా ముందే, 1977లో, అమెరికావాళ్లు వాయేజర్ నౌకలో ఆకాశానికి పంపిన రికార్డులో గుచిన్ మీద వాయించిన 'పారే నీరు' ఏడున్నర నిమిషాలు ఎక్కించారు. అదే రికార్డులో మన కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా ఉంది లెండి. సరే, కథ. బోయా అనే విద్వాంసుడు గుచిన్ వాయిస్తుంటే ఒక కట్టెలు కొట్టుకునేవాడు ఆగి విన్నాడట. బోయా కొండను తలచుకుని వాయిస్తే "కొండ" అన్నాడు, ఏటిని తలచుకుని వాయిస్తే "ఏరు" అన్నాడు. ఆ కట్టెలవాడు చనిపోయినప్పుడు బోయా తీగెలు తెంపేసి మళ్లీ ముట్టుకోలేదట. అందుకే ఇప్పటికీ చైనా భాషలో ప్రాణస్నేహితుణ్ణి 'స్వరం ఎరిగినవాడు' అంటారు. విన్నవాడు కట్టెలవాడు, వాయించినవాడు పండితుడు. మన దగ్గర వాయించేవాడు పేదవాడు, వినాల్సింది మనం. ఆ కట్టెలవాడిపాటి చెవి మనకు లేదా?

ఇప్పుడు నేను నిజంగా జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. మా ఊరి అమ్మాయి ఒకతి, డిగ్రీ చదువుతోంది, నన్ను నిలదీసింది. "అమ్మా, మీరు మంచి మనసుతోనే అంటున్నరు. రేపు కిన్నెర క్లాసులు పెడితే పెద్దకులాల పిల్లలే నేర్సుకుంటరు, వాళ్లే టీవీలకు పోతరు, వాళ్లకే అవార్డులు. మా తాత మళ్ల బయటనే నిలవడ్తడు. గప్పుడేం జేస్తరు?" ఆ అమ్మాయి తాత కిన్నెర వాయించేవాడు.

దీనికి గారడీ సమాధానం లేదు. ఆ భయం ఉత్తది కాదు. బతుకమ్మ పాటలు ఏరుకుని కేసెట్లు చేసుకున్నవాళ్లు పాడిన అమ్మలక్కలకు ఏమిచ్చారో మనం చూశాం. కాబట్టి నా వాదనకు ఒక షరతు ఉంది, అది తీసేస్తే వాదన మొత్తం తీసేయండి. గురువు దక్కలి గురువే కావాలి. పిల్లకు వేళ్లు తిప్పడం నేర్పి, కథను పక్కన పెట్టేయకూడదు. జాంబవుడి కథ వినకుండా ఆ పన్నెండు మెట్లు ఎక్కడానికి వీల్లేదు. సంగీత కళాశాలలు డిగ్రీ కాగితం అడగకుండా ఆ గురువులకు జీతమిచ్చి కూచోబెట్టాలి. విజయనగరంలో ద్వారంవారికి ఇచ్చినట్టే. అర్‌హూకు నలభై ఏడు అభ్యాసాలు రాసినట్టు కిన్నెరకు కూడా ఎవరో ఒకరు రాయాలి, దాని మీద పేరు ఆ గురువుది ఉండాలి. ప్రభుత్వం చేస్తుందా అంటే, మనం అడిగితే చేస్తుంది. మనం ఇంతదాకా అడిగింది శాలువాలే కదా, అవి ఇచ్చింది.

ఈలోపల మన చేతిలో ఉన్నది చెబుతాను, తల్లులకు. క్వార్టర్లలో సాయంత్రమైతే ఒక పిల్ల కీబోర్డుకు, ఒకడు కరాటేకు, ఇంకొకడు అబాకస్‌కు. ఆ కీబోర్డు వాయిద్యమైనా కాదు, వాయిద్యాల ఫొటో ఆల్బం. మీట నొక్కితే సితారంటుంది, ఇంకో మీట నొక్కితే ఫ్లూటంటుంది. రేపు ఏ కంపెనీవాడో కిన్నెర మీట కూడా పెడతాడు, మనం మురిసిపోతాం. అంతదాకా రానీయకండి. ఈ వేసవి సెలవుల్లో నలుగురు తల్లులు కలిసి కిన్నెర గురువు ఒకాయన్ను వెతకండి. వేదిక మీదికి వద్దు, ఇంట్లోకి పిలవండి. వాకిట్లో కాదు, హాల్లో, పిల్లల పక్కన చాప వేయండి. మంచినీళ్లు మీరు తాగే గ్లాసులోనే ఇవ్వండి. మీ అత్తగారు ఏమంటారో నాకు తెలుసు, మా అత్తగారూ అంటారు. మొదటి రెండు నెలలూ ఇంటిల్లిపాదికీ తలనొప్పి తప్పదు, ఫిడేలుకూ అంతే. ఫీజు ఎంత అని అడిగితే ఆయన "మీ దయ" అంటాడు. దయ సంగతి పక్కన పెట్టి, కీబోర్డు మాస్టారుకు ఎంతిస్తున్నారో అంతే ఇవ్వండి, ఒకటో తారీఖునాడే ఇవ్వండి.